వహీబా గడప మీద నీళ్ళు

మీత్ ఘమ్ర్ ఊళ్ళో గిన్నెల వీధికి ఎవరొచ్చినా ముందు వినపడేది సుత్తుల మోత కాదు, వహీబా గొంతు. అల్యూమినియం తుక్కు కరిగించి బిళ్ళలు పోసే కొలిమి ఆమెది. మొగుడు బదావీ పోయాక కొడుకు షాకిర్‌తో కలిసి దాన్ని నెట్టుకొస్తోంది. నోటికన్నా ముందు చెయ్యి లేచే మనిషి. ఎదురింటి కాఫీ కొట్టు దుసూకీతో రోజూ జగడమే.

ఆ ఊళ్ళో పొద్దున్నే కొట్టు తెరవగానే గుమ్మం ముందు నీళ్ళు చల్లుతారు. దుమ్ము అణుగుతుంది, శుభం కూడానట. దుసూకీ తన గుమ్మంతో ఊరుకోక వహీబా గడప మీదా రెండు దోసిళ్ళు చల్లేవాడు. బదావీని దిష్టే మింగిందని వీధి వీధంతా నమ్మింది మరి.

"మళ్ళీ చల్లావూ? నీ చేతులు పడిపోను! ఆ చెంబు నీ నెత్తినే పగలగొడతా!"

"దిష్టి పోతుందని చల్లాను తల్లీ. నీళ్ళేం చేస్తాయి? నిప్పునార్పేవే కదా!"

"నా మొగుణ్ణి మింగింది దిష్టి కాదయ్యా మొద్దు మనిషీ, నీళ్ళే!"

అందరూ నవ్వేవారు. పాపం, మతి చలించిందనుకునేవారు.

ఆమె కళ్ళారా చూసింది. ఆ రోజు తుక్కులో మూత బిగించిన నూనె డబ్బా ఒకటుంది. కడిగినవాడెవడో అడుగున గుక్కెడు నీళ్ళు వదిలేశాడు. బదావీ చూసుకోలేదు, లోహం కుతకుతలాడే మూస కుండలోకి విసిరాడు. ఆ వేడిలో నీళ్ళు మరగవు, ఉన్నపళంగా ఆవిరైపోతాయి. గుక్కెడు నీళ్ళ ఆవిరికి పెద్ద పీపా కూడా చాలదు. చోటు కోసం అది మూసను చీల్చేసింది. కరిగిన లోహమంతా లేచి బదావీ ముఖం మీద పడింది. అప్పటినుంచి వహీబా తుక్కును పొయ్యి పక్కన ఎండబెట్టందే మూసలో వెయ్యదు. దాహమేసినవాడు వీధిలోకి వెళ్ళి తాగాల్సిందే.

బక్రీదు సెలవుల తర్వాత కొలిమి వెలిగించిన రోజు, షాకిర్ పట్టకారుతో మూసను పైకెత్తాడు. పాత మూస. గాలిలోనే నిలువునా పగిలింది. తెల్లగా మెరుస్తూ లోహం ఇసుక నేల మీద పరుచుకుంది. చింది షాకిర్ మోకాలి కింద పడింది. లాగు భగ్గుమంది. వాడు ఆ మడుగు పక్కనే కూలబడి గావుకేక పెట్టాడు.

ఆ కేకకి దుసూకీ బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు.

"నీళ్ళొద్దు! ఆగు!"

"తప్పుకోవే! పిల్లాడు కాలిపోతున్నాడు!"

ఆగలేదు. కళ్ళెదుట పిల్లాడు కాలుతుంటే ఎవరాగుతారు? వహీబా లోహం కలిపే కడ్డీ అందుకుని అతని మణికట్టు మీద బలంకొద్దీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. బకెట్ గడప బయట పడింది. పిచ్చివాడు ఎడంచేత్తో మళ్ళీ అందుకోబోయాడు. వహీబా అతని రొమ్ము మీద తన్నింది. వీధిలో వెల్లకిలా పడ్డాడు.

అయినా ఒక చిన్న నీళ్ళ పాయ గడప దాటింది. జారి జారి, షాకిర్‌కి అవతలి అంచున లోహం అడుగుకి చేరింది. అంతే, ఫిరంగి పేలినట్టయింది. పైకప్పు రేకు చిరిగిపోయింది. లోహపు తునకలు బయట దాకా వచ్చి గోడలకు గుచ్చుకున్నాయి. చెంచాడు నీళ్ళు!

వహీబా భుజం మీద జాకెట్టు కాలుతోంది, చూసుకోలేదు. కొడుకు కాలి మీద ఇసుక కుమ్మరించింది. చేతిలో కడ్డీ వదలకుండానే చంకల కింద చేతులేసి వాణ్ణి వీధిలోకి, కొలిమికి దూరంగా ఈడ్చుకొచ్చింది.

"నీళ్ళు! ఇప్పుడు తెండి! ఎవరైనా తెండిరా!"

ఎవరూ కదల్లేదు. అందరూ ఆమె చేతికేసే చూస్తున్నారు. కడ్డీ ఇంకా అందులోనే ఉంది.

దుసూకీ లేచాడు. కుడిచెయ్యి వేళ్ళాడుతోంది. కొట్లోంచి ఎడంచేత్తో ఇంకో బకెట్ మోసుకొచ్చి షాకిర్ పక్కన నిలబడ్డాడు. పొయ్యడం లేదు.

"ఇప్పుడు పొయ్యొచ్చా తల్లీ?"

వహీబా కడ్డీ పారేసి భోరుమంది.

"పొయ్యి అన్నా, పొయ్యి!"