చక్రాల కింద నిమ్మకాయలు

మా కారును పంతొమ్మిదేళ్ల నాలుగు నెలలు నడిపిన డ్రైవరు, ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టకుండా ఒక్క రోజు కూడా బండి తీయలేదు. అలిపిరి దాకా వెళ్లాలన్నా అంతే. అవి నలిగిన చప్పుడు వింటే గానీ అతని ముఖం తేటపడేది కాదు.

మా ఆయన పోయాక ఏడు నెలలు షెడ్డులోనే ఉండి కారు పాడైపోయింది. చంద్రగిరి దగ్గరి అనాథాశ్రమం వాళ్లు తుక్కుకు అమ్మి పిల్లల భోజనాలకు వాడుకుంటామంటే, ఇచ్చేశాను. తీసుకుపోయే రోజు అతను నేను పిలవకుండానే వచ్చి నిమ్మకాయలు పెట్టాడు.

"ఇంజనే సచ్చిపోయిన బండికి దిష్టేంది పెద్దాయనా?" అని నవ్వాడు, లాక్కుపోవడానికి లారీతో వచ్చిన మనిషి.

"నువ్వు లాగప్పా. నా పని నేను చేసినాను."

లారీ కొక్కెం ముందు చక్రాలను పైకెత్తింది. కారు పక్కకు తిరిగి గేటు దాటింది. నిమ్మకాయలు రెండూ వెనక చక్రాల కింద కూడా నలగకుండా అక్కడే ఉండిపోయాయి. అతను వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"లోపలికి రా నాయనా, కాఫీ తాగి పోదువు" అన్నాను.

"వద్దులేమ్మా. బండే పోయినాక నాకీడ ఏం పనుండాది?"

వంగి నిమ్మకాయలను దగ్గరికి జరుపుకున్నాడు. ఒక్కో చెప్పు కింద ఒకటి పెట్టుకుని, రెండూ నలిగేదాకా తొక్కి, గేటు దాటి వెళ్లాడు. ఇన్నేళ్లలో "పోయొస్తానమ్మా" అనకుండా వెళ్లడం అదొక్కసారే.