పగడపు దిబ్బల ప్రశ్నలు, కొల్లేటి మునకలు

మీరు జీవితంలో ఎన్ని తప్పులు చేశారో నాకు తెలియదు గానీ, నిండా మునిగిన రైతుని పట్టుకుని "మునిగినప్పుడు ఎంత ఆనందం కలిగిందండీ" అని అడిగిన ఘనత మాత్రం నా ఒక్కదానిదే. ఆ ప్రళయం ఎలా వచ్చిందో చెబుతాను, కాస్త సర్దుకుని కూర్చోండి.

ఏలూరులో ఎమ్మే ఎకనామిక్స్ చదివే రోజులు. జనం ఒక చోటికి సరదాగా రావడానికి ఎంత ఖర్చు పెడతారో అడిగి, దాన్నిబట్టి ఆ చోటు విలువ కట్టాలి. అదీ ప్రాజెక్టు. నాకు కొల్లేరు వచ్చింది. సోమవారం ఇవ్వకపోతే ఏడాది పోతుంది. శనివారం దాకా హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత, ఎక్కడో సముద్రంలో పగడపు దిబ్బలు చూడ్డానికి మునకలేసే పర్యాటకుల కోసం తయారైన ప్రశ్నలు దొరికితే, వాటినే తెలుగులోకి దించేశాను. 'పగడపు దిబ్బ' ఉన్నచోటల్లా 'కొల్లేరు' అని పెట్టాను. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నేను నక్కకి చెప్పకుండానే వాత పెట్టేశాను.

ఆదివారం పొద్దున కొల్లేటి రేవు మీదికి పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్లలో నెమ్మదస్తుడిలా కనిపించిన ఒక పెద్దాయన్ని ఎంచుకున్నాను. గణపవరం రైతు, సత్యనారాయణగారు. పక్కన ఆయన భార్య మంగతాయారుగారు పులిహోర డబ్బా మూత తీస్తున్నారు.

"బాబాయిగారూ, ఏడాదికి ఎన్నిసార్లు మునుగుతారండీ?"

ఆయన నిట్టూర్చారు. "పోయినేడు రెండుసార్లు మునిగామమ్మా."

"ఒక్కరేనాండీ, కుటుంబంతోనా?"

"ఇంటిల్లిపాదీ మునిగాం. ఓసారి వరి, ఓసారి చేపల చెరువు."

రాసుకునే హడావుడిలో వరి, చేపలు నా చెవిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాయి.

"మునిగినప్పుడు కలిగిన ఆనందం చాలా ఎక్కువా, ఎక్కువా, మామూలాండీ?"

పులిహోర డబ్బా మూత మళ్లీ పడింది.

"ఇంకోసారి మునగాలంటే ఎంతదాకా పెట్టగలరండీ?"

ఆయన లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎవరు పంపారమ్మా నిన్ను? నష్టపరిహారం రాకపోతే పోనీ. వెటకారమెందుకు?"

అప్పుడు వెలిగింది నాకు. "అయ్యో, కాదండీ, ఇది పగడాల..." అంటూ ఒక అడుగు వెనక్కి వేశాను. అక్కడితో రేవు అయిపోయింది.

నడుంలోతు నీళ్లే. నేను మాత్రం నడిసముద్రంలో పడినట్టు కేకలు పెట్టాను. గుర్రపుడెక్క ఆకులు కిరీటంలా పెట్టుకుని పైకి తేలేసరికి మంగతాయారుగారు నా జడ, ఆయన నా చెయ్యి పట్టుకుని, బరువైన వల లాగినట్టు లాగారు. వణుకుతూ జరిగిందంతా చెప్పాను. ఆయన పెదవి బిగబట్టుకున్నారు. కాసేపటికి భుజాలు ఊగాయి. ఆ తర్వాత ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"ముందు తినమ్మా," అంటూ ఆవిడ తన కొంగుతో నా తల తుడిచి, చేతిలో పులిహోర పెట్టారు.

అంతటితో వదిలేయలేదు. సత్యనారాయణగారు నన్ను వెంటబెట్టుకుని, వచ్చిన ప్రతి కుటుంబం దగ్గరికీ తీసుకెళ్లారు. "పాపం, మనలాగే మునిగిన పిల్లండీ. నాలుగు మాటలు చెప్పండి," అన్నారు. నన్ను చూశాక కాదన్నవాళ్లు లేరు.

ప్రాజెక్టు గట్టెక్కింది. కసిరి పంపేసినా తప్పులేని చోట కడుపు నింపి పంపిన ఆ దంపతుల్ని తలుచుకుని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: పొలమున్న మనిషిని ఈ జన్మలో మునకల లెక్క అడగను. అడగక తప్పకపోతే, ముందు నేను దూకేసి ఆ తర్వాత అడుగుతాను.