దండ తీసేదాకా

ఆ ఇంటి గోడకు రెండు మేకులున్నాయి. ఒకదానికి పెద్దకొడుకు నాగరాజు ఫొటో, దానికి దండ. నాలుగేళ్ల కింద పెద్దరోడ్డు మీద లారీ గుద్ది పోయాడతను. రెండో మేకుకు చిన్నకొడుకు ఎల్లేష్ ఫొటో ఉండేది. ఇప్పుడక్కడ ఎరువుల దుకాణం వాళ్ల క్యాలెండర్ వేలాడుతోంది.

ఫొటో ఏదని తల్లి యాదలక్ష్మి ఫోన్‌లో మూడుసార్లు అడిగింది. అద్దం పగిలిందని, హైదరాబాద్‌లో బాగుచేయిస్తున్నానని ఎల్లేష్ మూడుసార్లూ అదే అబద్ధం చెప్పాడు.

ఎల్లేష్ కొత్తకోటలో మోటారు వైండింగ్ దుకాణంలో పనిచేసేవాడు. కాలిన మోటారు మోసుకొచ్చిన రైతు మోటారును, కరెంటును, చివరికి తన మామను కూడా ఎలా తిడతాడో చేసి చూపిస్తుంటే దుకాణంలో పని ఆగిపోయేది. తెలంగాణ వచ్చిన ఏడాదే హైదరాబాద్ వెళ్లాడు. ఎనిమిదేళ్లు సినిమాల్లో పెళ్లి గుంపుల్లోనూ ధర్నా గుంపుల్లోనూ నిలబడ్డాక మొదటిసారి పెద్ద వేషం వచ్చింది.

హాస్య చిత్రం. ఇంట్లోంచి పారిపోయినవాడు పన్నెండేళ్లకు బాగుపడి కారులో తిరిగొస్తాడు. ఆరోజు పెత్రమాస, పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చే అమావాస్య. అతడు చచ్చాడనుకున్న ఇంటివాళ్లు ఫొటోకు దండ వేసి, అతడి పేరున బియ్యం ఇస్తుంటారు. ఇంట్లో గోడకు ఉన్న ఫొటో అయితేనే సహజంగా ఉంటుందని షూటింగ్ సామాన్లు చూసే బాలకృష్ణ అన్నాడు. ఒక్కరోజు పనే కదా అని ఎల్లేష్ తెచ్చిచ్చాడు. షూటింగ్ అయ్యాక అడగడం మరిచిపోయాడు.

ఇప్పుడు సినిమా కొత్తకోటకు వచ్చింది. కొడుకుతో కలిసి చూడాలని యాదలక్ష్మి నాటు పని మానుకుంది. నాలుగు రోజులుందామని ఊరొచ్చిన ఎల్లేష్ ఆమెను ఆపలేకపోయాడు.

మధ్యాహ్నం ఆటలో అతను తెర చూడలేదు. తల్లి ముఖమే చూశాడు. విశ్రాంతికి ముందు వచ్చే ఆ ఘట్టం దగ్గరపడుతుంటే కుర్చీలోంచి సగం లేచాడు.

“అమ్మా, బయటికి పోయి సోడా తాగొద్దామే.”

“కూసో. నువ్వు కారు దిగుతున్నవు.”

తెర మీద ఎల్లేష్ కారు దిగాడు. లోపలికొచ్చి దండ వేసిన తన ఫొటోనే చూసి, “ఎవరీయన, పాపం?” అని అడిగి, ఆ ఫొటో ముందు పెట్టిన అన్నం తనే తినేశాడు. హాలంతా ఈలలు. ముందు వరుసలో, ఊళ్లో వరసకు మామ అయ్యే మారయ్య కుర్చీ చేతిని ఎడాపెడా బాదుతున్నాడు. యాదలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో లేదో చీకట్లో తెలియలేదు.

ఆటో దిగగానే ఆమె ముందు నడిచింది. ఇంటి గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈడనే నిలవడు.”

“ఏమైందే?”

“గా ఫొటో మనింటిదే. మీ అన్న కట్టిచ్చిన ఫ్రేము నాకు ఎర్కలేదా?”

“సినిమా గదా అమ్మా. ఉత్తదే.”

“ఉత్తదని నాకూ ఎర్కనే. దండ తీసిండ్రా?”

“ఏమో అమ్మా. అడగలే.”

“తీసినంక లోపటికి రా,” అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

వాకిట్లో నిలబడి బాలకృష్ణకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆ ఫొటోను అదే దండతో ఇంకో సినిమాకు ఇచ్చారేమో. ఫ్రేము పగిలి చెత్తలో పడిందేమో. మళ్లీ చేశాడు. ఈలోగా ఊరివాళ్లు శాలువా పట్టుకుని వచ్చారు. ముందు మారయ్యే ఉన్నాడు.

“సూడుండ్రి, గంత పెద్దోడైనా జర గర్వం లేదు. వాకిట్లనే నిలవడ్డడు మా అల్లుడు. లోపట గూసోరాదు అల్లుడూ?”

“గాలికున్న మామా.”

“గాలేది? ఆకు కదుల్తలేదు.” మారయ్య లోపలికి తొంగిచూశాడు. “అక్కా, గీయనకు బువ్వ వెడతవా, బియ్యం ఇస్తవా?”

అందరూ నవ్వారు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎల్లేష్ శాలువా కప్పుకుని, నవ్వుతూ నాలుగు సెల్ఫీలకు నిలబడ్డాడు. చెమట వీపంతా కారుతోంది. వాళ్లు వెళ్లేసరికి ఆరు దాటింది. యాదలక్ష్మి రెండుసార్లు తలుపు దాకా వచ్చి, అతని చేతిలో ఫోన్ చూసి వెనక్కి వెళ్లింది.

ఎట్టకేలకు బాలకృష్ణ ఎత్తాడు. “గోదాంల ఉండొచ్చు ఎల్లేషూ. రేపు సూస్త.”

“రేపైతే నేను ఇంట్లకు పోలేనన్నా. అమ్మ గడప దాటనిస్తలేదు.”

అవతల తాళాల గుత్తి చప్పుడైంది. “మా అమ్మ గూడ గంతే. ఆగు, పోతున్న.”

అరగంటకు వీడియో కాల్ వచ్చింది. గోదాంలో థర్మాకోల్ స్తంభాల వెనక దండలు వేసిన ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. “ఇదా?” కాదు. “ఇదా?” కాదు. అయిదోది ఎల్లేష్‌ది. ప్లాస్టిక్ దండ అలాగే ఉంది.

యాదలక్ష్మి గడప మీదికి వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది. “తీసెయ్ బిడ్డా.”

“తీగతోని కట్టిండ్రమ్మా. ఆగు... అయ్, తెగింది.”

“ఎనక గూడ సూపియ్యి. గా దారం ముక్క గూడ తెంపు.”

తెంపాడు.

“అద్దం మీద బొట్టున్నది. తుడువు.”

బాలకృష్ణ అంగీ అంచుతో తుడిచాడు. ఆమె ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత కొడుకు చేతికిచ్చింది.

“కాళ్లు గడుక్కొని రా. బువ్వ సల్లారింది.”

అతను తింటుంటే ఎదురుగా కూర్చుంది. “సినిమాల నీ పేరు మీది బువ్వ నువ్వే తినుడు... గది మాత్రం నవ్వొచ్చింది,” అంది. చెబుతూ నవ్వలేదు. లేచి గోడ మీది క్యాలెండర్ తీసి, చుట్ట చుట్టి పక్కన పెట్టింది.

“రేపు మొదటి బస్సుకు వోయి ఫొటో తే.”

“నాలుగొద్దులుందామని వచ్చిన గదనే అమ్మా.”

“తెచ్చినంక ఉండు,” అంది యాదలక్ష్మి.