చెప్పు అంటే చుప్

నిన్న గోదావరిఖని కూరగాయల అంగట్లో ఒక తల్లి తన బిడ్డను "చెప్పు, చెప్పు" అని గద్దిస్తుంటే, నా పెదాలు వాటంతటవే బిగుసుకున్నాయి. నాకే నవ్వొచ్చింది. మా నాన్న బిలాస్‌పూర్ వైపు నుంచి బొగ్గుబావి పనికి వచ్చి నన్ను ఇక్కడి బడిలో వేసినప్పుడు నాకు హిందీ తప్ప మరో మాట రాదు. సుగుణ టీచర్ ఏదో అడిగి "చెప్పు" అనేవారు. నాకది "చుప్" అని వినపడేది, నోరు మూసుకునేదాన్ని. ఆమె బుజ్జగించి "చెప్పు బిడ్డా" అంటే ఇంకా గట్టిగా మూసుకునేదాన్ని. ఇంత ప్రేమగా నోరు మూయించే టీచర్‌ను నేనెక్కడా చూడలేదు.

గుట్టు విప్పింది నా పక్కన కూర్చునే నస్రీన్. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కనుక తనకు నా మాట తెలిసేది. "టీచర్, మీరు చెప్పు అంటే గీమెకు చుప్ అన్నట్టు ఇనవడుతుందట" అంది. టీచర్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "గిన్ని దినాలు నోరు మూసుకోమన్ననా బిడ్డా" అన్నారు. ఆ రోజు నుంచి నస్రీన్ నాకు అర్థం చెప్పడం, నేను తెలుగులో తిరిగి అనడం మొదలైంది.

అందుకే రజాకార్ల పాఠం రోజు నా ప్రాణం పోయినంత పనైంది. వెనక బెంచీలోని రాజేశ్ నస్రీన్‌ను చూపించి "గా రజాకార్లు గీమెవోళ్లే" అన్నాడు. నస్రీన్ సంచీ సర్దుకుంది. తను బడి మానేస్తే నేను మళ్లీ మూగదాన్నే. టీచర్ వాణ్ణి కొట్టలేదు, పాఠం దాటవేయనూ లేదు. పుస్తకం మూసి వచ్చి నస్రీన్ పక్కన కూర్చున్నారు.

"మా తాతను రజాకార్లు చంపిండ్రు. గది నిజం, నేను దాచ. గా పాపంతోని గీ పిల్లకేం సంబంధం? మిలిట్రీ వచ్చినంక ఏమెరుగని ముస్లింలను గూడ చంపిండ్రు. గదీ నిజమే. నస్రీన్, మీ ఇంట్ల ఏమనుకుంటరో నువ్వు చెప్పు."

నస్రీన్ సంచీని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా, వాళ్ల నానమ్మ చిన్నప్పుడు ఆ రోజుల్లో జొన్నచేనులో దాక్కున్న సంగతి చెప్పింది. తరగతంతా ఊపిరి బిగబట్టి విన్నాం.

"మరి ఆకలైతే ఏం తిన్నది?" అన్నాడు రాజేశ్.

"పచ్చి కంకులు. కడుపు నొచ్చిందట."

ఎవరో కిసుక్కుమన్నారు. నస్రీన్ కూడా నవ్వింది. సంచీ మళ్లీ బెంచీ కిందికి పోయింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు నేనూ ఇక్కడే సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. అలాంటి పాఠం వచ్చిన రోజు, పుస్తకం తెరవకముందే ఎవరి పక్కన కూర్చోవాలో చూసుకుంటాను.