ఐదు జతల బూట్లు

మోకాలి నొప్పికి నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తుంటాను. పోయిన వారం అక్కడ కూర్చుని ఉంటే గోడమీది టీవీలో బాస్కెట్‌బాల్ ఆట వస్తోంది. ఒక ఆటగాడి బూటు లేసు ఊడింది. రిఫరీ బంతిని చంకలో పెట్టుకుని, అతను వంగి తీరికగా ముడి వేసుకునేదాకా నిలబడ్డాడు, పెళ్లిపీట పక్కన తోడుపెళ్లికొడుకు నిలబడ్డంత ఓపికగా. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో నా నంబరు రెండుసార్లు పిలిచినా వినిపించలేదట. కాంపౌండరు వచ్చి భుజం తట్టి, "పెద్దాయనా, చెవులు గూడ సూపిచ్చుకుంటవా?" అన్నాడు. చెవులు బాగానే ఉన్నాయి. మరిచిపోవడమే నాకు చేతకాదు.

పందొమ్మిది వందల అరవైల నడుమ బోధన్ చుట్టుపక్కల ఒక చిన్న చక్కెర మిల్లులో నేను సీజన్ కూలీని. చెరుకు ఆడినన్నాళ్లు పని, గానుగ ఆగిన రోజు ఇంటికి. గోదాములో చక్కెర బస్తాల మూతులు దబ్బనంతో, సుతిలి దారంతో కుట్టేవాణ్ని. ఒంటికి ఎప్పుడూ చెరుకు మడ్డి వాసన. స్నానం చేసినా పోయేది కాదు, చీమలు మాత్రం నన్ను ఆప్తుడిలా చూసేవి. మిల్లు వెనక బొగ్గు బూడిద పరిచి, రెండు గుంజలకు ఇనుప రింగులు బిగించి బాస్కెట్‌బాల్ మైదానం చేశారు. మా జట్టులో ఏడుగురం. మిల్లువాళ్లు కొనిచ్చిన కాన్వాసు బూట్లు ఐదు జతలు. ఆడేది ఐదుగురే కదా, ఏడు జతలెందుకన్నది మేనేజరు లెక్క. అందుకని మాకొక పద్ధతి ఏర్పడింది. ఆటలోంచి బయటికొచ్చేవాడు గీత దగ్గర బూట్లు విప్పుతాడు, లోపలికి పోయేవాడు ఆ వెచ్చటి బూట్లలోనే కాళ్లు దూరుస్తాడు. ఎవరి పాదం ఎంతన్నది ఎవరూ అడగలేదు. ప్రపంచమంతటా ఆట ఇలాగే ఆడతారని చాలా రోజులు అనుకున్నాం.

ఆ ఏడు నిజామాబాద్ పట్నం జట్టుతో మాకు ఆట పడింది. ఆ ఆట చూసి జిల్లా జట్టును ఎంచుతారన్నారు. మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "జిల్లా టీముల పేరొచ్చినోన్ని పర్మినెంట్ జేస్త" అన్నాడు. గానుగ ఆగినా జీతం ఆగని బతుకు అది. మా ఆవిడ ఆ పొద్దున లింబాద్రి గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. నేను మొక్కలేదు, నా చేతిమీద నాకు అంత నమ్మకం.

రిఫరీ పట్నంలో ఒక బడి డ్రిల్లు మాస్టారు. ఇస్త్రీ చెదరని తెల్ల ప్యాంటు, మెడలో ఈల. మొదటి సగంలోనే పట్నం కెప్టెన్ లేసు రెండుసార్లు ఊడింది. అతను ఒక వకీలు గారి కొడుకు. రెండుసార్లూ మాస్టారు ఆట ఆపి, "కట్టుకో బిడ్డా, తొందరేం లేదు" అన్నాడు. రెండో సగం మొదట్లో నా కుడి బూటు అడుగు సగం ఊడి, కుక్క నాలుకలా వేలాడింది. అప్పటికి నేను రింగులో వేసినవి ఐదు బుట్టలు. "సార్, ఒక్క నిమిషం. దబ్బనం నా సంచిలనే ఉంది, రెండు కుట్లేస్త" అన్నాను. మాస్టారు ఈల ఊది, చేయి గీతవైపు చూపించాడు. "అది రిపేరు పని. బయటికి నడువ్. ఇంకొకన్ని పంపుండ్రి."

నా బదులు లేచినవాడు మా చిన్నమ్మ కొడుకు. వాడూ సీజన్ కూలీయే, చెరుకు బండ్లు దింపేవాడు. పద్ధతి ప్రకారం బూట్లకోసం చేయి చాపాడు. వట్టి కాళ్లతో రానివ్వనన్నాడు మాస్టారు. మా మేనేజరు వెళ్లి బతిమాలితే, గడియారం చూసుకుని, "సరే, జల్ది కానియ్యుండ్రి" అన్నాడు. నేను గీత పక్కన కూర్చుని, నా బూటును నా చేత్తోనే, బస్తా మూతి కుట్టినట్టు గట్టిగా కుట్టి మా తమ్ముడికిచ్చాను. నాకివ్వని నిమిషం ఆయన వాడికిచ్చాడు. ఇది నేను ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనీ.

కాసేపటికి బంతి గీత దాటి ఆట ఆగింది. మళ్లీ లోపలికి వెళ్తానని స్కోరు రాసే బల్ల దగ్గర నిలబడ్డాను. మాస్టారు నా కాళ్లకేసి చూసి, "బూట్లేవి?" అన్నాడు.

"తమ్మీ, ఇప్పు!" అని అరిచాను. వాడు అటు తిరిగి రింగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఈల మోగి ఆట మళ్లీ మొదలైంది. ఆ తర్వాత వాడు నాలుగు బుట్టలు వేశాడు. నా కుట్టు ఒక్కటీ తెగలేదు. సాయంత్రం చదివిన జాబితాలో వాడి పేరుంది.

వాడు పర్మినెంటయ్యాడు. నేను ఇంకో ఆరు సీజన్లు కుట్టి మానేశాను. ఈలోగా జిల్లా ఆటల సంఘానికి మూడు అర్జీలు రాశాను. ఒక్కదానికే జవాబొచ్చింది, అదీ అందినట్టు. ఒకసారి బస్టాండులో మాస్టారే దొరికాడు. చేతిలో సంచి, సంచిలో పసుపు కొమ్ములు. అంతా విని, "రూల్ ప్రకారమే జేసిన. లేసు కట్టుకునుడు వేరు, బూటు కుట్టుడు వేరు" అన్నాడు. "మరి మా తమ్ముని బూటు కుట్టేదాక ఎందుకాగిండ్రు సార్?" అన్నాను. ఆయన భీమ్‌గల్ బస్సెక్కాడు. రూలు పుస్తకం నేనూ సంపాదించి చదివించుకున్నాను. నన్ను బయటికి పంపడం తప్పు కాదట. ఆ తప్పు కాకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మా తమ్ముడు ఏటా దసరాకి జమ్మి ఆకు పట్టుకొచ్చి నా కాళ్లకు మొక్కేవాడు. నేను తీసుకునేవాణ్ని, మాట్లాడేవాణ్ని కాదు. వాడు రిటైరైన ఏడు ఉండబట్టలేక అడిగాను.

"ఆనాడు నా కేక ఇనబడలేదార?"

"ఇనబడ్డదన్నా. ఇప్పితే మల్ల నాకెవ్వడిస్తడే?"

చాలా ఏళ్లు ఆ జవాబు కోసమే కాచుకుని ఉన్నాను. విన్న క్షణాన తెలిసింది, వాడి చోట నేనున్నా విప్పేవాణ్ని కాదని. తెలిశాక కోపం తగ్గాలి కదా, తగ్గలేదు. కాలం గాయాలు మానుపుతుందంటారు. నాకు మాత్రం అది కోపాన్ని పూర్తిగా మిగిల్చి, దాన్ని పెట్టుకోవడానికి తగిన మనిషినే లేకుండా చేసింది.