నాన్న ఊడదీసిన బ్యాటరీ తీగ

కారు ఎవరిదైనా సరే, డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగిందంటే ఇప్పటికీ నా కన్ను దాని మీదే ఉండిపోతుంది. తొంభైల చివర్లో, ఖరగ్‌పూర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా చేరిన కొత్తలో ఆ దీపమే నా కొంప ముంచబోయింది.

అది నా మొదటి నౌకరీ. అంతకుముందు కొన్నేళ్లు మన తెలుగువాళ్లుండే ఖరిదా సందుల్లో సైకిల్ తొక్కుకుంటూ, ఏం చేస్తున్నావని అడిగినవాళ్లందరినీ తప్పించుకు తిరిగాను. డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, మాట తక్కువ. తాళాలు చేతికిస్తూ ఒక్కటే షరతు పెట్టింది. కారుకి ఏమొచ్చినా పూరీ గేట్ దగ్గరున్న తన మిస్త్రీ, అదే మెకానిక్కు, తప్ప ఇంకెవరూ బానెట్ ఎత్తకూడదు. బుద్ధిగా తలూపాను. మా ఇంట్లో ఎవరున్నారో నాకు గుర్తుండొద్దూ!

మా ఇంట్లో మా నాన్న ఉన్నాడు. లోకో షెడ్డులో డీజిల్ ఇంజన్లు బాగుచేసే ఫిట్టరుగా అప్పుడే రిటైరయ్యాడు. గోడ అవతల నిలబడి చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేస్తాడని పేరు. న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు ఖాళీ చేసి ఖరిదాలో అద్దెకు దిగినా ఆ పేరు మాత్రం ఆయన వెంటే వచ్చింది. పని మాత్రం రాలేదు. పొద్దంతా అరుగు మీద కూర్చుని పోయే లారీలకు వంకలు పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం భోజనానికని కారు ఇంటి ముందు ఆపాను. అప్పటికే పసుపు దీపం వెలుగుతోంది. వంతెన ఎక్కాలంటే బండి ఆయాసపడుతోంది. నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి, స్టార్ట్ చెయ్యమని, కళ్లు మూసుకుని విన్నాడు.

"టైమింగు ఎనకబడిందిరా. లోపల పళ్ల బెల్టు ఎవడో ఒక పన్ను తప్పించి ఏసినాడు" అన్నాడు.

బెల్టు మూత విప్పే సామాను ఆయన దగ్గర లేదు. అయినా బానెట్ ఎత్తేశాడు, ఊరుకుంటాడా మరి! ముందుగా చేసిన పని, స్పానరు పట్టుకుని బ్యాటరీ తీగ ఊడదియ్యడం. షెడ్డులో అది నియమం. బ్యాటరీ తీగ తియ్యకుండా ఇంజన్లో చెయ్యి పెట్టకూడదు. అలా పెట్టి వేళ్లు పోగొట్టుకున్న మనిషి కథ నాకు అన్నం ముద్దలతో పాటు తినిపించాడు. తీగ తీసి, ప్లగ్గులు తుడిచి, మళ్లీ తీగ బిగించేసరికి దీపం ఆరిపోయింది. నాన్న మీసం దువ్వుకున్నాడు. నేనూ పొంగిపోయాను.

బండి ఆయాసం తగ్గలేదు. కొన్నాళ్లకు దీపం మళ్లీ వెలిగింది. నాన్న మళ్లీ తీగ తీశాడు, మళ్లీ ఆరింది. ఇలా ఎన్నిసార్లు జరిగిందో! టైమింగు సంగతి డాక్టరమ్మతో చెబుదామంటే ఎవరు చెప్పారని అడుగుతుంది. అందుకని నోరు మూసుకున్నాను.

ఓ రోజు వెనక సీట్లోంచి ఆవిడే దీపం చూసింది. మర్నాడు మిస్త్రీ దగ్గరికి పోదామంది. నాకు బుద్ధి ఎక్కడికి పోయిందో, ఆ మధ్యాహ్నం కూడా కారు ఇంటికే తెచ్చాను, నాన్న మళ్లీ తీగ తీశాడు.

మర్నాడు పూరీ గేట్ దగ్గర మిస్త్రీ వివరంగా చెప్పాడు. ఈ కొత్త రకం ఇంజను తన జబ్బుని తనే గుర్తుపెట్టుకుంటుందట. ఒక సాకెట్లో రెండు కన్నాలకు తీగముక్క కలిపితే అదే దీపం ఆగి ఆగి మెరుస్తుంది. ఆ మెరుపుల లెక్కే కోడు, కోడుని బట్టి జబ్బు. కలిపి చూశాడు. ఏ జబ్బూ లేదని మెరిసింది. మళ్లీ కలిపాడు, మళ్లీ అదే. అప్పుడు బ్యాటరీ వైపు వంగి, తీగ బిగించిన చోట స్పానరు గీతలు వేలితో తడిమాడు. ఎవరో దీన్ని ఊడదీస్తున్నారు దీదీ, తీగ తీస్తే ఇంజను అన్నీ మర్చిపోతుంది అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. ఏం దాస్తున్నావని బెంగాలీలో అడిగింది. పక్క టీకొట్టు దగ్గర మన తెలుగువాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాన్న పేరెత్తితే షరతు తప్పినట్టు, ఎత్తకపోతే దొంగనైనట్టు. రేపు పొద్దున తాళాలు ఇచ్చెయ్యమంది.

ఇంటికెళ్లి నాన్న మీద విరుచుకుపడ్డాను. "నీ తెలివి నా నౌకరీని తినీసింది నాన్నా!" అన్నాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. జరిగిందంతా చెప్పాను.

"ఇంజనుకి గేపకం ఏట్రా?" అని మాత్రం అడిగాడు, చిన్నగా.

పొద్దున్నే నా వెనకాలే వచ్చాడు, రిటైర్‌మెంట్ సభకు కుట్టించుకున్న చొక్కా తొడుక్కుని. వరండాలో రోగులు కూర్చుని ఉన్నారు. షెడ్డులో ఏ ఆఫీసరుకీ చేతులెత్తి మొక్కని మనిషి, ఆవిడకు రెండు చేతులూ జోడించాడు. వచ్చీరాని బెంగాలీలో హిందీ కలిపి, తప్పంతా తనదేననీ, బండికి టైమింగు తప్పిందనీ, కుర్రవాడు ఎరగడనీ చెప్పాడు. నాకు సిగ్గేసింది. ఆయన పడుతున్న అవమానానికి కాదు. ఆ వంకరటింకర బెంగాలీకి, నలుగురూ వింటున్నందుకు. ఆ సిగ్గుని తలుచుకుంటే ఇప్పుడు చచ్చేంత సిగ్గు.

దీపం మళ్లీ వెలిగేదాకా ఎవరూ ముట్టుకోవద్దు, అప్పుడు కోడు ఏం చెబుతుందో చూసి నీ సంగతి చూద్దాం అంది ఆవిడ. అంటే నా నౌకరీ ఆ దీపం చేతుల్లో పడింది. వెలగమ్మా అని దాన్ని బతిమాలుకుంటూ బండి తోలాను. చివరికి వెలిగింది. ఆవిడ నాన్నను కూడా రమ్మంది.

మిస్త్రీ తీగముక్క కలిపాడు. దీపం మెరిసింది. పెదాలతో లెక్కపెట్టుకుని, టైమింగు తప్పింది అన్నాడు. మూత విప్పి చూస్తే బెల్టు సరిగ్గా ఒక పన్ను పక్కన కూర్చుని ఉంది. నాకు ముందున్న డ్రైవరు రోజుల్లో ఎవరో మార్చిన బెల్టట అది. ఆవిడ తాళాలు నా చేతిలో పెట్టింది.

నాన్న కోసం తిరిగాను. నేను ముందే చెప్పినాను కదరా అని నలుగురిలో తిడితే బాగుండుననిపించింది. ఆయన రోడ్డు అంచున, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నువ్వు చెప్పిందే నిజమైంది, వచ్చి చూడు నాన్నా అని పిలిచాను.

"వొద్దురా" అన్నాడు. "నా సెయ్యి తగిల్తే మళ్లీ ఏటి సెరిగిపోద్దో."