తాడు చివరి మనిషి

ఒకప్పుడు నా బరువు నూట నాలుగు కిలోలు. ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మరు. ఆనాటి ఫొటో ఒకటి ఉంది గాని, అందులో నేను వరస చివర నిలబడ్డాను, సగమే పడ్డాను. ఆ సగమే నా ముందున్న ఇద్దరంత ఉంది.

డెబ్బైల మొదట్లో గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం పోర్టులో ఉద్యోగానికి వచ్చాను. వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాని. ఇనప తాళ్ళు, కొక్కేలు, బోల్టులు అడిగినవాళ్ళకి ఇవ్వడం, తిరిగొచ్చినవి పనికొస్తాయో లేదో చూసి పెట్టుకోవడం నా పని. అడగడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఖలాసీలు. క్రేన్లకి తాళ్ళు మార్చడం, బరువులు ఎత్తించడం వాళ్ళ పని. అందరూ బక్కగా, నల్లగా, నరాలు తేలి ఉండేవారు. సబ్బవరం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళే సగం మంది.

చిన్నప్పటి నుంచి నా ఒళ్ళు ఊరందరికీ వేళాకోళం. బడిలో, పెళ్ళిలో, బస్సులో, ఎక్కడికి వెళ్ళినా నా కంటే ముందు నా పొట్ట గురించిన మాట వెళ్ళేది. పోర్టులోనూ అంతే అనుకున్నాను. చేరిన మూడో నెలలో ఖలాసీల మేస్త్రీ స్టోర్సు కిటికీ దగ్గరికొచ్చి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. నవ్వుతాడని చూశాను. నవ్వలేదు.

“నీ బరువెంత బావా?” అన్నాడు.

చుట్టరికం లేకుండా నన్ను బావా అన్న మొదటి మనిషి అతను. నేను సమాధానం చెప్పేలోపే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తుక్కు ఇనుము తూచే కాటా మీద నిలబెట్టాడు. తొంభై ఆరు. వెనక నుంచి పదిమంది ఈల వేశారు.

సంగతేమిటంటే, ఏటా పోర్టు ఆటల పోటీల్లో డిపార్టుమెంట్ల మధ్య తాడులాగుడు ఉండేది. తాళ్ళతో బతికే ఖలాసీలు ఆ పోటీలో వరసగా ఓడిపోతున్నారు. బలానికి తక్కువేం లేదు, చివర నిలబడే మనిషికి బరువు లేదు. తాడు చివర భుజం మీదుగా తెచ్చి నడుముకి చుట్టుకుని మడమలు నేలలో దింపి నిలబడేవాణ్ణి లంగరు అనేవారు. లంగరు లాగక్కర్లేదు, కదలకుండా ఉంటే చాలు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నా ఒళ్ళు ఒకరికి పనికొచ్చింది అప్పుడే.

ఆ ఏడు గెలిచాం. ఆ తర్వాత కూడా వరసగా గెలుస్తూ వచ్చాం. ఏటా పోటీలకి వారం ముందు నన్ను కాటా ఎక్కించి, ఎన్ని కిలోలో స్టోర్సు ఇనప తలుపు మీద సుద్దతో రాసేవారు. అంకె పెరిగితే చప్పట్లు. వర్షానికి చెరిగిపోతే మేస్త్రీ మళ్ళీ రాసేవాడు. నూట నాలుగు రాసిన రోజు క్యాంటీనులో అందరికీ బజ్జీలు తినిపించాడు.

ఇది ఆటతో ఆగిపోయిన స్నేహం కాదు. మా నాన్న పోయినప్పుడు నలుగురు ఖలాసీలు రైలెక్కి మా ఊరు వచ్చారు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మేస్త్రీ భార్య పదిరోజులు మా ఇంట్లో వంట చేసింది. ఆదివారం వస్తే నేను వాళ్ళ క్వార్టర్స్‌కి వెళ్ళేవాణ్ణి. మేస్త్రీ తల్లి చేపల పులుసు వండి, ఎదురుగా పీట వేసుక్కూర్చుని వడ్డించేది.

“సూడరా, తింటే ఇలగ తినాల. నువ్వూ ఉన్నావు ఎముకల గూడు” అని కొడుకుని తిట్టేది.

నా సొంత తల్లి కూడా నేను తింటుంటే అంత సంతోషించలేదు. నిజం చెప్పాలంటే మా అమ్మ నేను తింటుంటే భయపడేది.

ఎనభైల మొదట్లో ఒకరోజు స్టోర్సు మెట్లెక్కుతూ కూలబడిపోయాను. డాక్టరు బీపీ చూసి, మూత్రం పరీక్ష చేయించి, నా ముఖం కాకుండా మా ఆవిడ ముఖం చూసి మాట్లాడాడు. “ఈయన ఇలాగే తింటే పిల్లల పెళ్ళిళ్ళు చూడడు” అన్నాడు. మా ఆవిడ ఆ రోజే బియ్యం డబ్బా అటక మీద పెట్టేసింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కీరదోస ముక్కలు. సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడక. తను పక్కన నడిచేది, నేను ఆగితే తనూ ఆగేది, కాని వెనక్కి తిరగనిచ్చేది కాదు. ఏడాదిన్నరలో ముప్ఫై ఆరు కిలోలు తగ్గాను. నేను చేసిందేమీ లేదు, ఆవిడ చెప్పినట్టు విన్నాను.

మొదటి పది కిలోలు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పోటీల ముందు మామూలుగా కాటా ఎక్కించారు. ఎనభై రెండు. ఎవరూ ఈల వెయ్యలేదు. సుద్దముక్క పట్టుకున్నవాడు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ “కాటా పాడైపోయినట్టుంది” అన్నాడు. కాటా బాగానే ఉందని నాకు తెలుసు. తలుపు మీద పాత అంకే ఉండిపోయింది. ఆ ఏడు ఓడిపోయాం. తాడుతో పాటు నేనూ ఈడ్చుకుపోయి బోర్లా పడ్డాను. ఖలాసీలు తాడు చుట్టుకుని వెళ్ళిపోయారు. తిడితే బాగుండేది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకో ఇబ్బంది. ఖలాసీలు క్యారేజీలన్నీ మధ్యలో పెట్టి, మూతలు తీసి, ఎవరి కూర ఎవరైనా తినేవారు. నా పుల్కాలు ఎవరికీ అక్కర్లేదు, వాళ్ళ అన్నం నేను ముట్టకూడదు. డాక్టరు తగ్గమన్నాడని చెప్పాను, పదిసార్లు చెప్పాను. వాళ్ళు తలూపేవారు. తిండికి కరువైన ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళు వాళ్ళు. తిండి ఎదురుగా పెట్టుకుని కావాలని మానుకునే మనిషి ఉంటాడని వాళ్ళు నమ్మలేకపోయారు. ఒళ్ళు తగ్గిందంటే లోపల ఏదో తినేస్తోందనే లెక్క. క్షయ అని నోటితో అనకపోయినా, నేను దగ్గితే పక్కవాడు జరిగేవాడు.

ఒక ఆదివారం మేస్త్రీ తల్లి వడ్డించిన అన్నంలో సగం తీసేయమన్నాను. ఆవిడ గిన్నె కింద పెట్టేసింది. “నా సేతి వంట బాగోలేదేటి నాయినా?” అంది. బాగుందమ్మా అన్నాను. మరి తిను అంది. తినలేదు. ఆ తర్వాత ఆదివారాలు వెళ్ళడం తగ్గిపోయింది. నేను మానేశానో, వాళ్ళు పిలవడం మానేశారో చెప్పలేను.

ఒకరోజు క్యాంటీనులో టీ తాగి గ్లాసు బోర్లిస్తే అడుగున ఎర్ర పెయింటు చుక్క కనపడింది. మిగతా గ్లాసులు తిప్పి చూశాను. ఏ గ్లాసుకీ లేదు. ఆ పెయింటు మా స్టోర్సుదే. పోగులు తెగిన ఇనప తాడుకి మేం ఎర్ర చుక్క పెడతాం, దాంతో ఎవరూ బరువు ఎత్తకూడదని. ఆ పద్ధతి ఖలాసీలకి నేర్పింది నేనే. గ్లాసు మళ్ళీ ఉన్నచోటే పెట్టి వచ్చాను. కోపం వస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాను, రాలేదు. లోపల మొద్దుబారిపోయి ఉంది, పన్ను పీకే ముందు మత్తుసూది పొడిచిన చిగురులాగ.

మర్నాడు డాక్టరు దగ్గరికెళ్ళి, నాకు ఏ జబ్బూ లేదని కాగితం రాయించుకుని మేస్త్రీకి చూపించాను. ఇంగ్లీషులో ఉంది. అటూ ఇటూ తిప్పి చూసి జాగ్రత్తగా మడిచి ఇచ్చాడు.

“బాగున్నోడు కాయితం ఎందుకు రాయించుకుంటాడు బావా?” అన్నాడు.

కాగితం జేబులో పెట్టుకుని స్టోర్సుకి వచ్చేశాను.

మరుసటి ఏడు లంగరుగా పంపుహౌసులో కొత్తగా చేరిన కుర్ర హెల్పరుని తీసుకున్నారు. నూట పది కిలోలట. తలుపు మీద నా అంకె తుడిచి అతనిది రాశారు. అదే తలుపు తీసుకుని రోజూ లోపలికి వెళ్ళేవాణ్ణి. అదే సమయంలో, పదేళ్ళుగా నన్ను చూసి కూడా చూడని ఆఫీసు గుమాస్తాలు పలకరించడం మొదలుపెట్టారు. షటిల్ ఆడదాం రమ్మన్నారు. “ఇప్పుడు మనిషిలా ఉన్నావోయ్” అని ఒకాయన భుజం తట్టాడు. ఇదివరకు ఏమిటిలా ఉన్నానో అడగలేదు. రెండు రోజులు షటిల్ ఆడి మానేశాను. వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఆ వానాకాలంలో మేస్త్రీ తల్లికి గర్భసంచి ఆపరేషన్ అన్నారు. రెండు సీసాల రక్తం కావాలన్నారు. ఆ కబురు నాకు మేస్త్రీ చెప్పలేదు, గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్ళాను. వరండాలో పదిమంది ఖలాసీలు, కొత్త లంగరు నిలబడి ఉన్నారు. నేను నేరుగా రక్తం తీసే గదిలోకి వెళ్ళాను. నర్సు వేలు పొడిచి చూసింది, నాదీ ఆవిడదీ ఒకటే గ్రూపు. బీపీ చూసింది. అంతా సరిపోయింది, బల్ల మీద పడుకోమంది. చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాను. ఆ కొద్ది నిమిషాలు మాత్రం చాలా రోజుల తర్వాత గుండె కొట్టుకోవడం తెలిసింది. ఆవిడ పెట్టిన అన్నం నేను తినలేదు, నా రక్తమైనా ఆవిడకి ఎక్కుతుంది అనుకున్నాను.

మేస్త్రీ లోపలికొచ్చాడు. నా చెయ్యి చూశాడు, నర్సుని చూశాడు.

“ఈ బాబుది వొద్దమ్మా” అన్నాడు.

“గ్రూపు కలిసింది కదయ్యా” అంది నర్సు.

“వొద్దమ్మా. వేరేవోల్లు ఉన్నారు.” తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు. “లెగు బావా. నీకే సాలదు. మాయమ్మకి నువ్విచ్చేదేటి?”

లేచాను. చొక్కా చెయ్యి దించుకున్నాను. బయట బెంచీ మీద కూర్చున్న ఇద్దరు నన్ను చూసి లేచి చోటిచ్చారు. రోగికి ఇచ్చినట్టు. కూర్చున్నాను. కొత్త లంగరుది గ్రూపు కలవలేదు. చివరికి మేస్త్రీ బావమరిదిదీ, ఇంకొక ఖలాసీదీ కలిస్తే తీసుకున్నారు. అంతసేపూ నేను బెంచీ మీదే ఉన్నాను. వెళ్ళిపోవాలనీ అనిపించలేదు, ఉండాలనీ అనిపించలేదు.

ఆపరేషన్ అయిన వారానికి ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చోబెట్టి ఉన్నారు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. పట్టాక, నా మణికట్టు పట్టుకుని తడిమి చూసింది. రోగి తను, అయినా తనే నన్ను చూసి ఏడవడం మొదలుపెట్టింది.

“నాయినా, ఏటైపోనావు? నీకేటొచ్చింది? నాకు సెప్పు.”

మంచం కాళ్ళవైపు మేస్త్రీ నిలబడి నేల చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి నా మణికట్టు వదల్లేదు. రెండేళ్ళుగా వాళ్ళల్లో ఎవరూ నన్ను ముట్టుకోలేదు. ఏమీ రాలేదమ్మా అంటే ఆ చెయ్యి తీసేస్తుందని నాకనిపించింది.

“ఒంట్లో బాగోలేదమ్మా” అన్నాను.

“మందులు తింతన్నావా?”

“తింటున్నాను.”

మేస్త్రీ నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తుడుచుకోనైనా లేదు.

“ముందే సెప్పొచ్చు గదా బావా! జొరవొస్తే, జబ్బొస్తే మాకు కాకపోతే ఎవులికి సెప్తావు? కాయితాలు సూపించి దాసుకుంటన్నావని నాను కుమిలిపోయినాను.”

నేను తల వంచుకున్నాను. అతను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఆ ఆదివారం మేస్త్రీ, ఇంకో ముగ్గురు ఖలాసీలు మా ఇంటికి వచ్చారు. పెద్ద సంచి నిండా బత్తాయిలు, రెండు రొట్టెలు, కాగితంలో చుట్టిన డజను గుడ్లు తెచ్చారు. గుమ్మానికి దగ్గరగా కూర్చుని, పాత పోటీల కబుర్లు చెప్పి నవ్వించారు. నా మడమల గుర్తులు మైదానంలో నెలరోజులు ఉన్నాయని ఒకతను అన్నాడు. అందరూ నన్ను బావా అన్నారు. మా ఆవిడ టీ పెట్టి తెస్తే, ఇప్పుడే తాగి వచ్చామన్నారు. నలుగురూ అదే మాట అన్నారు. మళ్ళీ ఆదివారం వస్తామని చెప్పి వెళ్ళారు.

తాగని టీ గ్లాసులు నాలుగూ మా ఆవిడ లోపలికి తీసుకెళ్ళింది. వచ్చి సంచి విప్పి చూసింది. నా బరువు ఒక్కొక్క కిలో తగ్గించడానికి ఏడాదిన్నర నా పక్కన నడిచిన మనిషి ఆవిడ.

“ఇన్ని పళ్ళెందుకండీ? ఎవరికి బాగోలేదు?” అంది.

“నాకే” అని, ఒక బత్తాయి తీసుకుని వలవడం మొదలుపెట్టాను.